రాణిగారి పెదవి మీది గీత

అనగనగా అనే మాట ఎంత పాతదో అంత పాతకాలంలో, కొండల వరసకూ ఉప్పుటేరుకూ నడుమ కుందవరం అనే చిన్న రాజ్యం ఉండేదట. దానికి మణికేతుడు రాజు. ఆయన రాణి నీలాంబిక.

నీలాంబిక మాటల మనిషి. నిద్ర లేస్తూ మాట్లాడేది, జడ అల్లుకుంటూ మాట్లాడేది, అన్నం వడ్డిస్తూ మాట్లాడేది. వంటశాలలో పప్పు మాడితే దానికో కథ. గుర్రపుశాలలో పిల్ల పుడితే దానికో కథ. పగలంతా సభలో పెద్ద పెద్ద మాటలు విని అలిసిపోయిన రాజు, ఇంటికొచ్చి ఆమె చిన్న చిన్న మాటల్లో సేదతీరేవాడు.

వారికి ఒక్కతే కూతురు, మంజరి. ఆ పిల్లకు కాస్త ఊహ వచ్చిన ఏట రాజుకు ఒక కోరిక పుట్టింది. రాణి ముఖం నాణెం మీద వేయించాలి. మంత్రులు బంగారు నాణెం అన్నారు. రాజు తల అడ్డంగా ఊపాడు.

"బంగారం పెట్టెల్లో దాక్కుంటుంది. ఆమె ముఖం చిల్లర కాసు మీద ఉండాలి. ఉప్పు కొనేవాళ్ల చేతుల్లో, పాలు పోసేవాళ్ల కొంగుముళ్లలో తిరగాలి. ఆమెకు నలుగురిలో ఉండటమే ఇష్టం" అన్నాడు.

టంకశాలలో అచ్చులు చెక్కే పెద్దోజును పిలిపించారు. ఉక్కు దిమ్మ మీద అచ్చు చెక్కి, వెండి పూత పూసిన రాగిబిళ్ల మీద దాన్ని పెట్టి సుత్తితో కొడితే కాసు తయారయ్యేది. రాణి టంకశాలకు వెళ్లి, మంజరిని ఒళ్లో పెట్టుకుని అతని ఎదుట కూర్చుంది. కూర్చుందే గాని నోరు ఊరుకోలేదు. పెద్దోజు నుదురు చెక్కాడు, కళ్లు చెక్కాడు, పెదవుల దగ్గరికొచ్చి ఉలి పక్కన పెట్టేశాడు.

"అమ్మగారూ, ఒక్క గడియ నోరు మూసుకోండి. తరువాత మీ ఇష్టం."

రాణి నవ్వు ఆపుకుంటూ పెదవులు బిగబట్టింది. అచ్చులో అలాగే వచ్చింది. ఏదో చెప్పబోయి బలవంతాన ఆగిపోయిన ముఖం. కాసు చూసినవాళ్లందరూ, అచ్చం మన రాణిగారే అనుకున్నారు.

ఏళ్లు గడిచాయి. ఒక వానాకాలం ఏరు పొంగింది. కరకట్ట తెగేలా ఉందని కబురు వస్తే రాజు గుర్రమెక్కి వెళ్లాడు. అక్కడ జనంతోపాటు మట్టి మోశాడు, గట్టు నిలబెట్టాడు. ఇక్కడ రాణికి జ్వరం తగిలింది. కబురు అంది ఆయన తిరిగి వచ్చేసరికి ఇంట్లో మాట వినబడలేదు. గుమ్మంలో కాలు పెట్టకముందే ఆయనకు తెలిసిపోయింది.

కన్నుమూసేటప్పుడు ఆమె పక్కన ఉన్నది మంజరి ఒక్కతే.

'చివరికి ఏమంది?' అని అడగాలని రాజుకు ఉండేది. ఆ ప్రశ్న ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చేది. కాని భయం వేసేది. 'ఈ వేళ కూడా నా దగ్గర లేరు కదా' అని అని ఉంటే? 'రాజ్యం ఉంటే చాలు ఆయనకు' అని అని ఉంటే? అంత మాటల మనిషి వెళ్లిపోతూ ఏదో ఒకటి అనే ఉంటుంది. అది తనను తప్పు పట్టే మాటే అయి ఉంటుందని ఆయన మనసులో నాటుకుపోయింది.

ఒకసారి మంజరే మొదలుపెట్టింది. "నాన్నగారూ, ఆ రోజు అమ్మ..."

రాజు చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు తల్లీ. ఇప్పుడు కాదు."

ఆ పిల్ల ఆగిపోయింది. ఆ తరువాత ఇద్దరూ ఒకే ఇంట్లో తింటూ తిరుగుతూ, ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడుకునేవాళ్లు.

మరుసటి వేసవిలో రాజు మామూలు పంచె కట్టుకుని బజారుకు వెళ్లాడు. పోలమ్మ అనే ముసలామె తాటిముంజలు అమ్ముతోంది. రాణికి ముంజలంటే ఇష్టమని గుర్తొచ్చి కొన్ని తీసుకున్నాడు. పోలమ్మ చిల్లర తిరిగి ఇచ్చింది. అలవాటుగా ఆయన ఒక కాసు వేళ్ల మధ్య తిప్పి రాణి ముఖం చూశాడు. చూసి అక్కడే నిలబడిపోయాడు.

రాణి పెదవి కొస నుంచి వెంట్రుకంత సన్నని గీత బయటికి వచ్చింది. వేలు పెడితే తగులుతోంది. చలికాలం పొద్దున నోటి నుంచి ఆవిరి వచ్చినట్టుగా ఉంది. ఇన్నాళ్లూ బిగబట్టుకుని ఉన్న మాట ఒకటి జారి పైకి వచ్చినట్టుగా ఉంది.

"ముంజలు అక్కర్లేదా బాబూ?" అని పోలమ్మ కేకేసింది. రాజుకు వినబడలేదు.

ఆ రోజే చాటింపు వేయించాడు. రాణిగారి ముఖంలో మార్పు కనబడే కాసు ఎవరు తెచ్చినా, దాని బదులు వెండి నాణెం ఇస్తారని. జనం మూటలు విప్పారు. మట్టి ముంతలు పగలగొట్టారు. కాసులన్నీ కోటకు చేరాయి. రాజు సభకు వెళ్లడం తగ్గించి వాటి ముందే కూర్చునేవాడు. కొన్నింటి మీద గీత కొంచెమే ఉంది. కొన్నింటి మీద ఇంకాస్త పొడుగు. టంకశాల నుంచి కొత్తగా వచ్చినవాటి మీద అన్నిటికన్నా పొడుగు. మాట మెల్లమెల్లగా బయటికి వస్తోందని ఆయన అనుకున్నాడు.

వెండి ఊరికే వస్తోందంటే ఎవరు ఊరుకుంటారు?

ముందు రత్నాల వర్తకుడు వచ్చాడు. వట్టివేళ్ల వాసన వేసే పట్టుగుడ్డలో ఒక కాసు చుట్టి తెచ్చాడు. రాణి కంటి కింద చిన్న బుడిపె, కన్నీటి బొట్టులా.

"మహారాజా, రాణిగారు ఏడుస్తున్నారు. నిలువెత్తు రత్నాల విగ్రహం చేయిస్తే శాంతిస్తారు. రాళ్లు నా దగ్గరే ఉన్నాయి."

రాజు కళ్లు చెమర్చాయి. పక్కన నిలబడిన మంజరి మాత్రం చెయ్యి చాచింది. "శెట్టిగారూ, మీ దగ్గర ఇలాంటిదే ఇంకొకటి ఉందా?"

వర్తకుడు ఉత్సాహంగా మొలలో నుంచి ఇంకొకటి తీశాడు. దాని మీద కూడా బుడిపె ఉంది. కాని చెవి మీద ఉంది.

"మా అమ్మ చెవితో ఏడ్చేదా?" అంది మంజరి. మొదటి కాసు తీసుకుని బుడిపె మీద గోరు పెట్టి నొక్కింది. అది అప్పడం పొంగులా అణిగిపోయింది. లోపల గాలి తప్ప ఏమీ లేదు. "చిన్నప్పుడు టంకశాలలో అమ్మ ఒళ్లో కూర్చుని చూశాను నాన్నగారూ. రాగిబిళ్లకు మురికి అంటుకుని ఉండగా వెండి పూత వేస్తే అక్కడ పొక్కుతుంది. మురికి ఎక్కడుంటే పొక్కు అక్కడే. అందుకే ఏ రెండు కాసులకూ ఒక్కలా ఉండదు."

వర్తకుడు రెండు కాసులూ అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

తరువాత సేనాని వచ్చాడు. అతని కాసు మీద రాణి కనుబొమల నడుమ ఎర్రని చార.

"కోపంగా ఉన్నారు ప్రభూ. తూర్పు దిక్కు రాజు మన గట్టు మీద కన్నేశాడని రాణిగారికి తెలుసు. యుద్ధానికి సెలవివ్వండి."

రాజు కాసును చాలాసేపు చూశాడు. ఆమెకు కోపం రావడం ఆయన ఒకటి రెండుసార్లే చూశాడు. వస్తే మాట్లాడటం మానేసేది. ఆ మౌనం ఆయనకు గుర్తొచ్చింది. మంజరి కాసు తీసుకుని పైటచెంగు తడిపి రుద్దింది. ఎర్రని చార వెడల్పయింది. ఇంకా రుద్దితే నుదురంతా ఎర్రబడింది.

"కోపం కాదు నాన్నగారూ, పూత పెచ్చు లేచింది. అడుగున రాగి కనబడుతోంది. సేనాని గారి కత్తి ఒరలో వేసుకుని తిరిగితే ఏ కాసైనా ఇలాగే అవుతుంది."

సేనాని గొంతు సవరించుకుని బయటికి నడిచాడు.

ముచ్చటగా మూడోవాడు, ఎక్కడివాడో తెలియని ఒక జోస్యుడు. అతను కొత్త కాసేదీ తేలేదు. రాజు ముందున్న కుప్పలో నుంచే ఒకటి తీసి పెదవి మీది గీతను చూపించాడు.

"ఇది పొక్కు కాదు, పెచ్చూ కాదు. అమ్మాయిగారు పరీక్షించవచ్చు."

మంజరి గోరుతో నొక్కింది. అణగలేదు. తడిగుడ్డతో రుద్దింది. చెరగలేదు. ఇంకో కాసు తీసింది, మరొకటి తీసింది. అన్నిటి మీదా గీత అదే చోట, పెదవి కొస దగ్గరే మొదలైంది. మంజరి కాసులను తిరిగి కుప్పలో పెట్టేసింది.

"చూశావా తల్లీ" అన్నాడు రాజు. "మీ అమ్మే. మాట్లాడుతోంది."

"ఈ గీత కాసు అంచును తాకిన రోజు మాట పూర్తవుతుంది మహారాజా" అన్నాడు జోస్యుడు. "ఎన్ని కాసులు కొడితే గీత అంత పెరుగుతుంది. నాకు కోటలో కాస్త చోటిప్పించండి. ఆ మాట ఏమిటో నేను చదివి చెబుతాను."

టంకశాలకు ఆజ్ఞ వెళ్లింది. కాసులు కొడుతూనే ఉండాలి. కొట్టినవి బజారుకు పంపవద్దు, కోటకే రావాలి.

ఊళ్లో చిల్లర కరువైంది. చిటికెడు ఉప్పు కావలసినవాళ్లు ఉప్పు కొనలేకపోయారు. దీపానికి చమురు కావలసినవాళ్లు చీకట్లో కూర్చున్నారు. ఒకరోజు పోలమ్మ ముంజల గంప నెత్తిన పెట్టుకుని తిన్నగా కోటకు వచ్చింది.

"ప్రభువులకు దండాలు. నా ముంజలు గట్టిపడిపోతున్నాయి. కొనేవాళ్లున్నారు, ఇవ్వడానికి వాళ్ల దగ్గర చిల్లర లేదు, తిరిగి ఇవ్వడానికి నా దగ్గరా లేదు. రాణిగారు ఉన్న రోజుల్లో మా బజారుకొచ్చి కబుర్లు చెప్పిపోయేవారు. ఆమె పోయాక కాసు మీద ముఖం చూసుకుని తృప్తి పడేవాళ్లం. అదీ మాకు లేకుండా తెచ్చి ఇక్కడ పెట్టుకున్నారు."

ఆ మాట రాజుకు ముల్లులా గుచ్చుకుంది. అయినా ఆశ ఊరుకోనివ్వలేదు. 'ఇంకొద్ది రోజులు. ఆ ఒక్క మాట వినేస్తే చాలు, అన్నీ తిరిగి ఇచ్చేస్తాను' అనుకున్నాడు. గీత అంచు దాకా రావడం కళ్లారా చూడాలని తానే టంకశాలకు బయలుదేరాడు. జోస్యుడు వెంట నడిచాడు. మంజరి కూడా నడిచింది.

పెద్దోజు ముసలివాడయ్యాడు. రాజును చూసి లేచి నిలబడ్డాడు గాని, సుత్తి పట్టిన మనిషికి ఆగమని సైగ చేశాడు.

"ఎందుకు ఆపావు?" అన్నాడు రాజు.

"ప్రభూ, మీరొక్కసారి అచ్చు చూడండి. చూశాక కొట్టమంటే కొడతాం."

పెద్దోజు ఉక్కు అచ్చును తుడిచి వెలుతురులో పెట్టాడు. రాజు వంగి చూశాడు. రాణి ముఖం అందులో తిరగబడి, లోపలికి చెక్కి ఉంది. పెదవి కొస నుంచి ఉక్కులో సన్నని బీట ఒకటి పాకింది.

రాజుకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. అన్ని రోజులు ఆ కాసులను చూసిన కళ్లు ఆయనవి. అచ్చులో బీట ఎక్కడుందో కాసు మీద గీత అక్కడుంది. దెబ్బ పడినప్పుడల్లా లోహం ఆ బీటలోకి ఉబికి, గీతగా పైకి తేలింది. దెబ్బ దెబ్బకూ బీట పెరిగింది, దాంతోపాటే గీతా పెరిగింది.

"ఇది మాట కాదు" అన్నాడు మెల్లగా.

"కాదు ప్రభూ. అచ్చుకు తగిలిన దెబ్బ. పూత లోపమైతే కాసుకొక తీరుగా ఉంటుంది. అచ్చు దెబ్బ అన్నిటికీ ఒకేలా దిగుతుంది."

"ఈ బీట అంచుకు చేరితే?"

పెద్దోజు అచ్చు మీద అరచెయ్యి పెట్టాడు. "రెండు ముక్కలవుతుంది. ఇంకో అచ్చు చెక్కమంటే చెక్కుతాను. కాని ఇది అమ్మగారు నా ఎదుట కూర్చుని ఉండగా చెక్కింది. నవ్వు ఆపుకుంటుంటే ఆ బుగ్గ ఎలా కదిలిందో చూస్తూ చెక్కింది. ఇప్పుడు చెక్కితే జ్ఞాపకాన్ని చెక్కుతాను, ఆమెను కాదు."

జోస్యుడు ముందుకు వచ్చాడు. "మహారాజా, ఉక్కు పగిలితేనేం? మాట బయటికి వచ్చేది అప్పుడే. ఇంకొక్క దెబ్బ వేయించండి."

సుత్తి పట్టిన మనిషి రాజు వైపు చూశాడు.

రాజు వెంటనే వద్దనలేదు. అది దాచి చెప్పడం దేనికి? కళ్లతో బీట చూశాక కూడా ఆయన లోపల ఒక మూల, ఏమో, నిజంగా వినబడుతుందేమో అని కొట్టుకుంటూనే ఉంది. ఒక్క దెబ్బ. తరువాత ఇక వెతకవలసింది ఉండదు. ఆయన చెయ్యి సగం లేచింది. అప్పుడు అచ్చులోని ముఖం కనబడింది. తిరగబడి ఉన్నా ఆ పెదవులు నవ్వు ఆపుకుంటూనే ఉన్నాయి. ఆమెకు చెప్పడానికి ఏమైనా ఉంటే ఇన్నాళ్లు ఆగే మనిషి కాదు. ఎవరు ఎదురుగా ఉంటే వారితో చెప్పేసి ఉంటుంది.

ఎదురుగా ఉన్నది ఎవరు?

రాజు చెయ్యి దించాడు. "సుత్తి పక్కన పెట్టు" అన్నాడు.

అందరినీ బయటికి పంపి అచ్చు పక్కనే నేల మీద కూర్చున్నాడు. మంజరి వెళ్లబోతుంటే ఆపాడు.

"నువ్వుండు తల్లీ. నిన్నొకటి అడగాలి. ఎప్పుడో అడగవలసింది." మళ్లీ అచ్చు వైపు చూశాడు. "ఆ రోజు మీ అమ్మ... చివరికి ఏమంది?"

మంజరి ఆయన పక్కన చతికిలబడింది. ఎన్నాళ్లుగానో మోస్తున్న బిందె దించినట్టు ఆమె భుజాలు వాలాయి.

"పెద్ద మాటేమీ కాదు నాన్నగారూ. మీరు అంత ఎదురుచూశారు, ఇంతేనా అనుకుంటారని నాకు భయం వేసింది."

"చెప్పు."

"బయట వాన పడుతోంది. అమ్మ కళ్లు తెరిచి ఆ చప్పుడు వింది. 'మీ నాన్నగారి చెప్పులు తడిసిపోయి ఉంటాయే. ఆయనకు చెబితే గాని తోచదు. అక్కడ ఎవరైనా వాటిని నిప్పు దగ్గర పెట్టి ఆరబెడుతున్నారో లేదో' అంది. సరే అమ్మా, కబురు పంపుతాను అన్నాను. కొంచెం మంచినీళ్లు తాగి పడుకుంది. అంతే."

ఆమె ఆయనను తప్పు పట్టలేదు. రాజ్యం ఊసే ఎత్తలేదు. అన్నం వడ్డిస్తూ అనే మాట, జడ అల్లుకుంటూ అనే మాట. ఆయన ఇన్నాళ్లు ఏ గొంతు కోసం అల్లాడిపోయాడో ఆ గొంతే. ఆ రోజు గట్టు మీద ఒక ముసలి బోయవాడు ఆయన చెప్పులు విప్పించి కుంపటి పక్కన బోర్లించడం ఆయనకు గుర్తొచ్చింది.

"ఆరబెట్టారు" అన్నాడు, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు. "ఆరబెట్టారు నీలా."

అప్పుడు కన్నీళ్లు వచ్చాయి. తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఏడుస్తూనే మంజరి ఇంకో మాట గుర్తుచేసుకుంది, రాజు ఇంకోటి గుర్తుచేసుకున్నాడు. పప్పు మాడిన కథ, గుర్రప్పిల్ల కథ. బయట నిలబడిన పెద్దోజుకు లోపల నుంచి నవ్వు కూడా వినబడిందట.

మర్నాడు కోటలోని కాసులన్నీ బజారుకు తిరిగి వెళ్లాయి. పొక్కినవీ, పెచ్చు లేచినవీ, గీత ఉన్నవీ, అన్నీ. పోలమ్మ ముంజలు మధ్యాహ్నానికే అమ్ముడుపోయాయి. జోస్యుడికి దారిబత్తెం ఇచ్చి పొలిమేర దాటించారు. పెద్దోజు అచ్చుకు నూనె రాసి, మెత్తని గుడ్డ చుట్టి, ఇక దెబ్బ తగలని చోట భద్రం చేశాడు. కొత్త కాసుల మీద ముఖం వద్దన్నాడు రాజు, వరి వెన్ను వేయమన్నాడు. పాతవి కూడా చేతులు మారుతూనే ఉన్నాయి. రాజు వాటిని చూసేవాడు, చూసి ఖర్చు పెట్టేసేవాడు. సాయంకాలం అన్నం ముందు కూర్చుని, "అమ్మ సంగతి ఒకటి చెప్పు తల్లీ" అని కూతురిని అడిగేవాడు.

కనుక పిల్లలూ, దూరమైనవారి మాట కోసం మూగ లోహంలో వెతికి మోసపోవడం కన్నా, ఆ మాట విన్న మనిషిని ధైర్యంగా అడిగి తెలుసుకోవడం మేలు. నిజం ఎంత చిన్నదైనా మనసుకు అదే ఆసరా.